ట్రంకుపెట్టెలో ఫ్యాషను



కిందటి నెల ఈ పేజీలో ఇంటి జమాఖర్చుల సంగతి రాశాను గదా. అది చదివి తిరుత్తణి నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. "అన్నయ్యగారూ, బియ్యం, పప్పు, గ్యాసు, ఫీజులు, రైలు పాసు అన్నీ చూపించారు. బట్టల పద్దు మాత్రం కనిపించలేదు. మీ ఇంట్లో బట్టలు కొనరా, లేక మీరు చెప్పరా?" అని. దొంగ దొరికిపోయినట్లయింది. బట్టల పద్దు నేను మరచిపోలేదు, కావాలనే వదిలేశాను. ఎందుకు వదిలేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, అడిగినవారికి జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు.

కిందటేడు ఆవణి నెలలో మా మేనల్లుడి పెళ్ళి అరక్కోణంలో జరిగింది. ఉన్న పట్టుచీర కట్టుకుని వస్తానని మా ఆవిడ అన్నది. "నలుగురూ వచ్చేచోటికి పాత చీరా?" అన్నవాణ్ణి నేనే. పట్నంలో ఒక పెద్ద దుకాణానికి తీసుకుపోయాను. ఆవిడకు పూసలూ చమ్కీలూ కుట్టిన 'డిజైనర్' చీర 8,500. అమ్మాయికి లెహంగా 12,000. నాకు పట్టు చొక్కా, అంచు పంచె 2,500. మొత్తం 23,000 రూపాయలు. నా జీతం 26,000. నా ముఖం చూసి దుకాణం అబ్బాయి, "సార్, వడ్డీ లేని వాయిదాలు ఉన్నాయి" అన్నాడు. నెలకు 4,000 చొప్పున ఆరు వాయిదాలు. వడ్డీ లేని మాట నిజమే. ఏదో చార్జీ అని వెయ్యి రూపాయలు మాత్రం ఉన్నది. ముప్పై పేజీల ఫైలులో తప్పు పట్టుకోగల గుమాస్తాను, మూడు వరుసల కాగితంలో ఆ వెయ్యిని చూడలేకపోయాను.

పెళ్ళిలో ఏం జరిగింది? తాళి కట్టేవేళకే లెహంగా పూసలు రాలడం మొదలుపెట్టాయి. అక్షింతలతో బాటు అవి కూడా ఏరుకోవలసి వచ్చింది. పట్నం నుంచి వచ్చిన ఒక పిల్ల మా అమ్మాయిని చూసి, "బాగుంది, పోయినేడు ఇదే గదా అందరూ వేసుకున్నది!" అన్నది. ఆ పిల్ల మెచ్చుకున్నదో, గిల్లిందో ఇప్పటికీ మాకు తెలియదు. ఆ లెహంగా తరువాత మళ్ళీ ఒంటి మీదికి రాలేదు. వాయిదాలు మాత్రం మాఘమాసం దాకా వచ్చాయి. ఆ ఆరు నెలలూ మా ఆవిడ తన కళ్ళజోడు మార్చుకోవడం వాయిదా వేసుకుంటూ వచ్చింది. సూదిలో దారం ఎక్కించాలంటే అమ్మాయిని పిలిచేది. "ఏమండీ, అద్దాలు" అని ఒక్కనాడు కూడా అనలేదు. అంటే బాగుండేది. ఇదీ నేను దాచిన పద్దు.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నదని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఫ్యాషను అనగానే చెడ్డమాట అనుకునేవాణ్ణి కాను. నలుగురిలో తీరుగా కనిపించాలన్న ఆశ మనిషికి ఉండవలసిందే. చిక్కు ఎక్కడంటే, ఆ తీరు ఎక్కడ పుడుతుందో, ఎట్లా మన వీధికి వస్తుందో తెలియక, దాని వెనక పరుగెత్తడంలో ఉన్నది. అది కొంచెం చెబుతాను, చిత్తగించండి.

ప్యారిస్, మిలాన్, లండన్, న్యూయార్క్ అనే నాలుగు పట్నాలలో ఏటా రెండుసార్లు బట్టల ప్రదర్శనలు జరుగుతాయి. సన్నని మనుషులు పొడుగాటి బాట మీద నడిచి చూపిస్తారు. ఫిబ్రవరి, మార్చిలలో రాబోయే చలికాలం బట్టలూ, సెప్టెంబరు, అక్టోబరులలో రాబోయే వేసవి బట్టలూ చూపుతారు. మన దేశంలోనూ డిజైనర్ల సంఘం ఒకటి 1998లో ఏర్పడింది. 2000 నుంచి ఇక్కడా అటువంటి ప్రదర్శనలు జరుగుతున్నాయి. అక్కడ చూపిన రంగూ, చేతి తీరూ, మెడ తీరూ ముందు సినిమాల వాళ్ళు వేసుకుంటారు. తరువాత టి.నగర్ దుకాణాల బొమ్మలకు తొడుగుతారు. ఆ పైన మన బజారుకు వస్తుంది. చివరికి మన వీధి టైలరక్క దగ్గరికి ఫోనులో ఫోటోగా చేరుతుంది. అప్పటికి మొదట వేసుకున్నవాళ్ళు దాన్ని వదిలేసి ఉంటారు. కనుక వెనక పరుగెత్తేవాడికి ఆ రైలు ఎప్పుడూ తప్పిపోతూనే ఉంటుంది.

ఇది కొత్త సంగతి కాదు. వాణిశ్రీ కొప్పూ, చీరకట్టూ మన అమ్మల కాలంలో ఎంత మోజో చెప్పనక్కరలేదు. నా చిన్నతనంలో, 1980లలో, ఈ ప్రాంతమంతా నదియా కమ్మలు, నదియా గాజులు! మా అక్కయ్య నదియా కమ్మలకోసం రెండు రోజులు అన్నం మానేసింది. మా నాయన ససేమిరా అన్నాడు. మూడోరోజున మా అమ్మ పోపులడబ్బాలోనుంచి డబ్బు తీసి తిరుత్తణి తిరునాళ్ళలో కొనిపెట్టింది. వాటి ఖరీదు చాలా స్వల్పం. అక్కయ్య ముఖంలో కనిపించిన సంతోషం మాత్రం నాకు ఇంకా జ్ఞాపకం. ఆనాటి మోజుకూ నేటి మోజుకూ భేదం ఇదే: మా అమ్మ పోపులడబ్బాతో సరిపెట్టింది, నేను ఆరు వాయిదాలతో పెట్టాను.

ఇక అసలు కథ. మా అమ్మాయి బి.కాం. పూర్తిచేసి ఈ వేసవిలో అంబత్తూరులో ఒక ఆఫీసులో చేరింది. తిరువళ్ళూరు స్టేషనులో పొద్దున్నే రైలెక్కాలి. రోజూ నలుగురిలోకి పోవాలి గనుక నాలుగైదు జతలు కావాలన్నది. న్యాయమైన మాటే. ఒక రాత్రి ఫోను తెచ్చి ఒక బొమ్మ చూపించింది. ఎవరో తెల్లపిల్ల, మోకాళ్ళ కిందికి వచ్చే పొడుగు చొక్కా లాంటిది వేసుకుని ఉన్నది. ఎరుపు, నీలం, పసుపు గళ్ళు. కింద 'మద్రాస్' అని పేరు. ఖరీదు మన రూపాయిలలో 14,000. "కొనమని కాదు నాన్నా, ఊరికే చూపిస్తున్నాను" అన్నది. వాయిదాల సంగతి దానికీ తెలుసు.

మా ఆవిడ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. ఏమీ మాట్లాడకుండా లేచిపోయి, మంచం కింది ట్రంకుపెట్టె లాగి, అడుగునుంచి ఒక చీర తీసి మా ముందు పరిచింది. ఎరుపు, నీలం, పసుపు గళ్ళు!

ఆ చీర చరిత్ర కొంత చెప్పాలి. మా ఆవిడ పుట్టిల్లు పొదటూరుపేట. మా మామగారు నేతపనివారు. కాలు గుంటలో పెట్టి కూర్చుంటే పొద్దు కుంకేదాకా లేచేవారు కారు. మగ్గం అమ్మేసిన ఏడు, చివరి పడుగులో కూతురికని ఒక చీర నేసి పంపారు. అది ఇదే. రెండేళ్ళ కిందట కాలేజీలో పొంగల్ వేడుకకు చీర కట్టుకోవాలంటే మా ఆవిడ ఇదే చీర తీసి అమ్మాయికి ఇచ్చింది. "అమ్మా, ఇది రేషన్‌షాపు పొంగల్ చీరలాగుంది" అన్నది మా అమ్మాయి. చిన్నపిల్ల, ఆలోచించక అన్నమాట. మా ఆవిడ చీర మడతపెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఆ మాట ఎంత లోతుగా తగిలిందో నాకు ఆనాడు తెలియలేదు. పొంగల్‌కు పేదలకు ఉచితంగా చీర, పంచె ఇచ్చే పథకం ఈ రాష్ట్రంలో 1983లో మొదలయింది. ఆ చీరలు నేసి బతికిన ఇళ్ళు మన తాలూకాలలో ఎన్నో ఉన్నాయి. ఏ చీరతో పోల్చి మా అమ్మాయి ముఖం ముడుచుకున్నదో, ఆ చీర కూడా ఇటువంటి చేతులు నేసినదే.

ఈసారి అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. ఫోనులో బొమ్మనూ, నేలమీది చీరనూ మార్చి మార్చి చూసింది. "కోయించుకోవచ్చా అమ్మా?" అని మెల్లగా అడిగింది. నేను వద్దనబోయాను. మా ఆవిడే, "కట్టుకోని చీర పెట్టెలో ఉంటే చిమ్మటకు మేత. కోసుకో" అన్నది.

ఆరు గజాల చీర అంటే సుమారు అయిదున్నర మీటర్లు. టైలరక్క అందులో ఒక పొడుగు చొక్కా, ఒక పొట్టి కుర్తా తీసింది. మిగిలిన ముక్కతో చేతిసంచీ కుట్టింది. కూలి 950 రూపాయలు. ఇంతవరకూ బాగానే ఉన్నది. మొదటిసారి ఉతికేనాడు మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. అమ్మాయి ఆ చొక్కాను నా రెండు తెల్ల ఆఫీసు చొక్కాలతో బాటు ఒకే బకెట్టులో నానవేసింది. తెల్లవారి చూస్తే నా చొక్కాలు గులాబిరంగు! ఆ ఎరుపు పిడికెడు ఉప్పుకు లొంగలేదు, చాకిరేవుకూ లొంగలేదు. నేను ఇంటి కప్పు ఎగిరిపోయేటట్లు కేకలు వేశాను. "మీ నాయన రంగు కూడా గట్టిది వేయలేదా?" అని ఒక మాట కూడా జారాను. అనరాని మాట. మా ఆవిడ ఆ పూట నాకు కాఫీ ఇచ్చింది గాని ముఖం చూపలేదు.

తప్పు దిద్దుకుందామని ఈ గళ్ళ బట్ట సంగతి కొంత చదివాను. చదివినకొద్దీ నాకే సిగ్గు వేసింది. ఎందుకంటారా? ఈ కథ మన తిరువళ్ళూరు జిల్లాలోనే మొదలవుతుంది. పళవేర్కాడును మన తెలుగువాళ్ళు ప్రళయకావేరి అంటారు గదా. అక్కడ డచ్చివాళ్ళు 1613లో కోట కట్టుకున్నది ముఖ్యంగా ఈ తీరపు బట్టలకోసమే. ఇక్కడి గుడ్డలు ఓడలమీద తూర్పుదీవులకు పోయేవి. పాలయకాటు లుంగీ అని ఇప్పటికీ మనం అంటున్నది ఆ ఊరి పేరే. 1639లో ఇంగ్లీషువాళ్ళు మదరాసులో స్థలం పుచ్చుకున్నదీ ఈ బట్టల వ్యాపారానికే. మదరాసు రేవునుంచి పోయింది గనుక గళ్ళగుడ్డకు 'మద్రాస్' అనే పేరు స్థిరపడింది. నేసినవారిలో మన తెలుగు నేతగాళ్ళు ఎందరో. చీరాల ప్రాంతంలో నేసిన గళ్ళ రుమాళ్ళు నైజీరియాలోని కలబారి జాతివారి దాకా పోయాయి. వాళ్ళు దాన్ని ఇంజిరి అంటారు. శుభానికీ అశుభానికీ ఆ గుడ్డ లేనిదే వాళ్ళకు జరగదు. కరేబియన్ దీవులలో ఆడవాళ్ళు తలకు చుట్టుకునే గళ్ళగుడ్డ పేరు కూడా మద్రాసే.

రంగు కారడం సంగతి ఇంకా వింత. 1958లో విలియం జాకబ్సన్ అనే అమెరికా బట్టల వ్యాపారి మన దేశానికి వచ్చి, తరువాతి కాలంలో లీలా హోటళ్ళు స్థాపించిన కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ దగ్గర గజం ఒక డాలరు చొప్పున గళ్ళ బట్ట కొన్నాడు. 10,000 గజాలు న్యూయార్కులోని బ్రూక్స్ బ్రదర్స్ కంపెనీకి అమ్మాడు. చల్లనీళ్ళలో విడిగా ఉతకాలనే మాట మాత్రం కొనేవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అక్కడి దొరలు వేలకొద్దీ చొక్కాలు కొని, యంత్రాలలో వేసి ఉతికేసరికి, మా ఇంట్లో జరిగిన యుద్ధమే అక్కడా జరిగింది. గొడవ కోర్టుదాకా పోయేటట్లయింది. అప్పుడు వాళ్ళు ఏం చేశారు? ఆ లోపాన్నే గొప్పగా చాటారు. 'రంగు కారుతుందని హామీ' అని ప్రకటన వేశారు. ఉతికినప్పుడల్లా రంగులు ఒకదానిలో ఒకటి కలిసి కొత్త అందం వస్తుందన్నారు. అంతే, 1960లలో అమెరికా కాలేజీ కుర్రవాళ్ళకు అది పెద్ద ఫ్యాషనయిపోయింది. మనింట్లో లోపం అనిపించినదే అక్కడ షోకయింది.

ఇది చదివి మా ఆవిడకు వినిపించాను. నవ్వింది. "అయితే మీ గులాబి చొక్కాలు కూడా ఫ్యాషనే, వేసుకుపొండి" అన్నది. ఒకనాడు వేసుకుపోయాను. ఆఫీసులో ఎవరూ గుర్తించలేదు. గుమాస్తా చొక్కా రంగు ఎవరు చూస్తారు?

ఇటువంటిదే మొన్న మొన్న జరిగింది. 2025 జూనులో మిలాన్ ప్రదర్శనలో ప్రాడా అనే కంపెనీ మన కొల్హాపురి చెప్పులవంటివి చూపింది. పేరు చెప్పలేదు. మన దేశంలో గగ్గోలు పుట్టిన తరువాత, అవి మన పనివారి చెప్పుల మాదిరివేనని ఒప్పుకున్నది. ఆ డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక తోలు సంస్థలతో ఒప్పందం చేసుకుని, జత సుమారు 800 యూరోలకు అమ్ముతామని ప్రకటించింది. అంటే ఒక జత చెప్పులు నా మూడు నెలల జీతం పైచిలుకు. మన సంతలో ఆ తీరు చెప్పులు కొన్ని వందలకే దొరుకుతాయి. 2023 మార్చి 30న డియోర్ అనే ప్యారిస్ కంపెనీవారు బొంబాయి గేట్‌వే ముందర పెద్ద తోరణం కట్టి ప్రదర్శన పెట్టారు. ఆ కుట్టుపని చేసినవాళ్ళు మనవాళ్ళే. దూరపు కొండలు నునుపు. కొన్నాళ్ళకు ఆ కొండ మన పెరట్లోనిదేనని తెలుస్తుంది.

సరే, కబుర్లు చాలు. అడిగిన చెల్లెలికి పనికివచ్చే మాటలు చెప్పాలి. మా ఇంట్లో దెబ్బతిని నేర్చుకున్నవే ఇవి.

మొదటిది లెక్క. బట్ట ఖరీదును ఎన్నిసార్లు వేసుకుంటామో దానితో భాగించండి. మా ఆవిడ 8,500 చీర ఇప్పటికి రెండుసార్లు కట్టింది. కట్టుకు 4,250. ఆవిడ నిత్యం కట్టే 1,400 రూపాయల నూలుచీర కనీసం యాభైసార్లు కట్టి ఉంటుంది. కట్టుకు 28 రూపాయలు. ఏది ఖరీదైనదో మీరే చెప్పండి. దుకాణంలో చీర భుజాన వేసుకుని అద్దం చూసుకునేముందు ఈ భాగహారం చేస్తే సగం చీరలు వాటంతట అవే మడతలోకి పోతాయి.

రెండోది, ఫ్యాషనులో ఖరీదును కాదు, తీరును చూడండి. చీరకు ఏళ్ళ తరబడి కాలం చెల్లదు. మారేది జాకెట్టు. చేయి మోచేతిదాకానా, బుట్టచేయా, మెడ పడవలాగా వెడల్పా, కాలరు ఉన్నదా, ఇంతే గదా మార్పు! ఒక మీటరు గుడ్డ, కుట్టుకూలి పెట్టుకుంటే అమ్మగారి పాత చీర ఈ ఏటి చీరవుతుంది. మహానటి చిత్రానికి దుస్తుల విభాగంలో జాతీయ బహుమానం వచ్చింది. అందులో పాలుపంచుకున్న గౌరంగ్ షా హైదరాబాదువారు. నేతచీరలతోనే పేరు తెచ్చుకున్నవారు. సావిత్రిగారి కాలపు అంచులూ, చేతులూ ఈ కాలపు పిల్లలకు కొత్తగా కనిపించాయి. కనుక మీ పెట్టెలు ఒకసారి తెరిచి చూసుకోండి.

మూడోది టైలరు. ఒంటికి సరిగా కుదిరిన 300 రూపాయల గుడ్డ, కుదరని 3,000 రూపాయల గుడ్డను ఓడిస్తుంది. కుట్టేటప్పుడు లోపల ఒక అంగుళం మడత వదలమని చెప్పండి. పిల్లలు ఎదిగినా, మనం లావైనా ఆ అంగుళం ఆదుకుంటుంది. కోయకముందే గుడ్డను ఒకసారి తడిపి ఆరబెట్టండి. ముడుచుకునేది అప్పుడే ముడుచుకుంటుంది, కారేది అప్పుడే కారుతుంది. ఈ మాట నాకు రెండు చొక్కాలు పోయిన తరువాత టైలరక్క చెప్పింది.

నాలుగోది ఉతుకు. తెల్లగుడ్డ తడిపి కొత్తబట్ట లోపలి అంచుమీద రుద్దండి. రంగు అంటితే దాన్ని విడిగా, చల్లనీళ్ళలో, నానవేయకుండా ఉతికి, నీడన ఆరవేయండి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని మనవాళ్ళ నమ్మకం. మా ఇంట్లో అది నిలవలేదు. పని చేసేది చల్లనీళ్ళూ, నీడా, ఓపికా.

అయిదోది మోసపోకుండా కొనడం. దారం పోగు ఒకటి లాగి కాల్చి చూడండి. నూలయితే కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద. పట్టయితే వెంట్రుక కాలిన వాసన. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలాగా అవుతుంది. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా అంచులకు సూదులున్న బద్ద పెడతారు. ఆ సన్నని గుర్తులు అంచు వెంబడి తరచుగా కనిపిస్తాయి. 2006 నుంచి చేనేతకు కేంద్రప్రభుత్వం హ్యాండ్‌లూమ్ మార్కు ఇస్తున్నది. అది ఉన్నదేమో చూడండి. ఆడి నెల తగ్గింపులు మంచివే గాని, అక్కరలేనిది సగం ధరకు కొంటే మిగిలింది సగం కాదు, పోయింది సగం. 1935లో పుట్టిన కో-ఆప్టెక్స్ వంటి సహకార దుకాణాలలో దీపావళికి ఇచ్చే తగ్గింపు మనవంటివారికి అనువుగా ఉంటుంది.

మగవాళ్ళకు ఒక మాట. మనకు ఫ్యాషను పాఠం చెప్పడానికి ప్యారిస్ దాకా పోనక్కరలేదు. 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తెల్ల తలపాగా, పొడుగు కోటు, పంచె, వీటితోనే పేరుపడ్డారు. ఆక్స్‌ఫర్డులో పాఠం చెప్పినా, 1962లో రాష్ట్రపతి అయినా ఆ తలపాగా మారలేదు. ఆయన బొమ్మ నీడలో చూపించినా చిన్నపిల్లలు గుర్తుపడతారు. మనకు నప్పేది ఏదో తెలుసుకుని, దాన్ని శుభ్రంగా, నిలకడగా వేసుకోవడం కంటే షోకు ఏమున్నది? పంచెకట్టినవాణ్ణి లోపలికి రానివ్వకూడదనే క్లబ్బుల నిబంధనలను ఈ రాష్ట్రంలో 2014లో చట్టం చేసి తొలగించారు. చట్టం తలుపు తెరిచింది. సిగ్గు మన మనసులో ఉంటే దాన్ని తీసేయవలసింది మనమే.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. గళ్ళ చొక్కా వేసుకుని మొదటిసారి ఆఫీసుకు పోయి వచ్చిన సాయంత్రం, చెప్పులు కూడా విప్పకుండా, "అమ్మా, ఇటువంటి గుడ్డ ఇంకా ఉందా? మా సెక్షనులో ఇద్దరు అడిగారు" అన్నది. మా ఆవిడ సంతోషం చెప్పనలవి కాదు. ఆదివారం ముగ్గురం తిరుత్తణిలో బస్సు మారి పొదటూరుపేట పోయాము.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మదరాసు రాష్ట్రంలో చేరింది. గీత జరిగింది గాని నేతగాడి నాడె జరగలేదు. అటు నగరి, పుత్తూరు, ఇటు పొదటూరుపేట, పళ్ళిపట్టు, అమ్మయ్యార్‌కుప్పం. మాటలు కొంచెం మారినా చప్పుడు ఒకటే అని మా మామగారు అనేవారు. ఆ వీధిలో చప్పుడు ఇప్పుడూ ఉన్నది, కాని అది మరమగ్గాల చప్పుడు. అడిగినచోటల్లా ఒకటే జవాబు: "ఆ రకం ఇప్పుడు ఎవరూ వేయడం లేదమ్మా. వేసేవాళ్ళు పోయారు." మా మామగారి ఇంట్లో ఇప్పుడు మా బావమరిది ఉంటాడు. మగ్గం గుంట పూడ్చి పైన సిమెంటు చేశారు. ఆ చోటున ఫ్రిజ్ పెట్టుకున్నారు. మా ఆవిడ ఆ సిమెంటు మీద కాసేపు నిలబడింది. అమ్మాయి మాత్రం వంగి, గోడకు మిగిలిన ఒక కొయ్యమేకు తడిమి, "ఇది దేనికి మామా?" అని అడిగింది. "పడుగు కట్టేవాళ్ళం" అన్నాడు మా బావమరిది. ఆ ఒక్క మేకు ఎందుకో పీకలేదట.

వచ్చేటప్పుడు అదే వీధిలో ఒక ముసలాయన ఇంట్లో ఇంకా ఒక చేతిమగ్గం ఆడుతున్నదని తెలిసి పోయాము. ఆయన నేసేది వేరే రకం. సన్న గళ్ళు, ముదురు ఆకుపచ్చ. అమ్మాయి తన మొదటి జీతంలో నుంచి 1,600 ఇచ్చి ఒక చీర కొన్నది. బేరం ఆడబోయిన నన్ను మోచేత్తో పొడిచింది. చీర తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టి, "ఇది కోయొద్దు, కట్టుకో" అన్నది. రెండేళ్ళ కిందటి మాటకు క్షమాపణ అనుకున్నాను. వాళ్ళిద్దరూ ఆ సంగతి ఎత్తలేదు గనుక నేనూ ఎత్తలేదు.

కనుక తిరుత్తణి చెల్లెలా, మా బట్టల పద్దు ఇదీ. కిందటేడు వాయిదాలతో 24,000. ఈ ఏడు కుట్టుకూలి 950, చీర 1,600, పోయిన నా తెల్లచొక్కాలు రెండు. మా ఆవిడ కొత్త కళ్ళజోడు 1,850. దీన్ని బట్టల పద్దులో ఎందుకు రాశానని ఆడిటర్లు అడగవచ్చు. నా దృష్టిలో అది అక్కడ రాయవలసినదే.

ఫ్యాషను మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది, దానికి భయంలేదు. నేసినవాడు మాత్రం తిరిగి రాడు. ఈ దీపావళికి మీ ఇంట్లో కొనే వాటిలో ఒక్కటైనా మగ్గం మీదిది కొనండి. కొనలేకపోతే పెట్టె అడుగున ఉన్నది ఒకసారి తీసి, ఎవరు నేశారో, ఎవరు కట్టారో పిల్లలకు చెప్పండి. మీ పెట్టెలో ఏం దొరికిందో నాకు ఒక కార్డు రాయండి. వచ్చే నెల ఈ పేజీలో మీ పెట్టెల ముచ్చట్లే చెప్పుకుందాము.